సంచి లేదు సరే, గది మాత్రం అదే
బడి మొత్తం, అన్ని సబ్జెక్టులూ ఆరుబయట కూడా జరగాలని ఒక వ్యాసంలో చదివాను, దాంతో నాకు పేచీ లేదు. చిక్కల్లా అదంతా నాలాంటి సైన్సు మాస్టారి నెత్తినే పడటం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలకి ఎనిమిదో తరగతిని తీసుకెళ్లాను. వాన కోసిన గాడి పక్కన రాలిన మట్టిని అరచేతిలో నలిపి ఒకమ్మాయి, "ఇది ఇసక కదండీ!" అంది. ఇసకే మరి, ఇనుము తుప్పుకి ఎర్రబడింది. అక్కడే వాలు కోణం కొలిపించొచ్చు, వర్ణన రాయించొచ్చు. లెక్కల మేడం బస్సు దిగితే కదా, ఎండట! 2020 జాతీయ విద్యా విధానం 6-8 తరగతుల పిల్లలకి 10 రోజులు సంచి లేని చదువు అంది. మా దగ్గర సంచి ఒక్కటే ఉండదు, గదీ బల్లా అవే. టైంటేబుల్లో రెండు పీరియడ్లు కలిపివ్వండి చాలు, బస్సు కూడా అక్కర్లేదు, బడి వెనకే వేపచెట్టుంది.