13వ షెడ్యూలు చెల్లదా? ఆ వాదన ఎక్కడ తప్పుతోంది

విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "రాష్ట్రాలు ఏర్పరచడం, హద్దులు, పేర్లు మార్చడం: రాజ్యాంగం 3వ అధికరణ పార్లమెంటుకిచ్చింది ఇంతే. రైల్వే జోన్, పోర్టు అందులో లేవు. కాబట్టి విభజన చట్టం 13వ షెడ్యూలు చెల్లదు, జోన్ ఆలస్యం అందుకే. రాయని అధికారం ఒప్పుకుంటే రేపు పన్నులూ అలాగే వేస్తారు" అన్నది దాని సారం. 13వ షెడ్యూలు అంటే 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలో కేంద్రం చేయాల్సిన పనుల జాబితా.

3వ అధికరణ దగ్గరే చదవడం ఆపేశారు. విభజన చట్టంలో అనుబంధ, ఆనుషంగిక, పర్యవసాన నిబంధనలు పెట్టవచ్చని 4వ అధికరణ నేరుగా చెబుతోంది. అప్పులు, ఆస్తులు, ఉద్యోగుల సంగతి తేల్చకుండా రాష్ట్రాన్ని ఎలా విడదీస్తారు? ఈ అధికారం ఎంత దూరం పోతుందో మంగళ్ సింగ్ కేసులో తేలింది. శాసనసభకు కనీసం 60 మంది ఉండాలన్నది 170వ అధికరణ. 1966 పంజాబ్ పునర్వ్యవస్థీకరణ చట్టం హర్యానాకు 54 మందినే ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అయితే శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థలు లేని రాష్ట్రాన్ని మాత్రం ఇలా పుట్టించలేరని అదే తీర్పులో హద్దు గీసింది.

అసలు జోన్‌కు 4వ అధికరణ దాకా పోనక్కర్లేదు. పార్లమెంటు చట్టం చేయగల అంశాల పట్టిక రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితా. అందులో 22వ అంశం రైల్వేలు, 27వ అంశం మేజర్ పోర్టులు.

పన్నుల భయానికి జవాబు మన రాష్ట్రం కేసులోనే ఉంది. 1958లో సుందరరామయ్యర్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ తీర్పు ప్రకారం సాధారణ అంశంలోంచి పన్ను అధికారాన్ని లాగలేరు, దానికి విడిగా అంశం ఉండాలి. ఏ జాబితాలోనూ లేని పన్నయితే 248వ అధికరణ కింద పార్లమెంటుది. అదీ రాసి ఉన్న అధికారమే.

మరి జోన్ ఎందుకు ఆలస్యమైంది? 13వ షెడ్యూలులోని క్రియాపదాలు చూడండి. దుగరాజపట్నం పోర్టును కేంద్రం "అభివృద్ధి చేయాలి", తొలి దశ 2018 చివరికి. జోన్‌ను మాత్రం ఆరు నెలల్లో "పరిశీలించి" త్వరగా నిర్ణయం తీసుకోవాలి. విశాఖ మెట్రోకూ "పరిశీలించాలి" అనే ఉంది, గడువు ఏడాది. చట్టం అమలైంది 2014 జూన్ 2న, విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటన వచ్చింది 2019 ఫిబ్రవరి 27న. "పరిశీలించాలి" అన్న మాట పట్టుకుని నిర్ణయం చెప్పమని నిలదీయగలం, జోన్ ఇచ్చి తీరాలని అనలేం. గట్టి మాట పడిన దుగరాజపట్నానికీ గడువు దాటిపోయింది. అది అమలు లోపం, అధికార లోపం కాదు.

వినతిపత్రాల్లో ఈ మెసేజ్‌ను అతికించే వారికి ఒక మనవి: షెడ్యూలు చెల్లదని రాస్తే అవతలి పక్షం వాదన మనమే రాసిచ్చినట్టు. షెడ్యూలులోని చర్యలన్నీ పదేళ్లలో తీసుకోవాలన్న విభజన చట్టం 93వ సెక్షన్ పేరు రాయండి, దాని పక్కన ఆ అంశానికి పెట్టిన గడువు తేదీ రాయండి.