రోరీకి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు

మొన్న మళ్ళీ ఆ ఫార్వర్డ్ వచ్చింది. "ప్రపంచంలోకెల్లా గొప్ప గిటారిస్టువి కదా, ఎలా ఉంది?" అని జిమీ హెండ్రిక్స్‌ని ఎవరో అడిగారట. "నాకేం తెలుసు, రోరీ గాలహర్‌ని అడగండి" అన్నాడట. రోరీ అంటే ఐర్లండ్‌కి చెందిన బ్లూస్, రాక్ గిటారిస్టు, గాయకుడు. ఎప్పుడన్నాడో, ఎవరితో అన్నాడో ఇంతవరకూ ఎవరూ చూపించలేదు. అయినా రోరీ పేరెత్తితే మొదట వచ్చేది ఈ కథే. ఆ తర్వాత రోలింగ్ స్టోన్స్ కథ. అది నిజమే. ఆ పెద్ద బ్రిటిష్ రాక్ బ్యాండ్ కొత్త గిటారిస్టు కోసం వెతుకుతూ పిలిస్తే, 1975 జనవరిలో రాటర్‌డామ్‌లో వాళ్ళతో కలిసి వాయించి చూశాడు, తన జపాన్ టూర్ టైమైతే బయల్దేరి వెళ్ళిపోయాడు. ఇక చివర్లో అందరూ కలిపే మాట: "పాపం, అండర్‌రేటెడ్."

ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఎవరో పెద్ద పేరున్నవాడు మెచ్చుకున్నాడనో, ఇంకెవరో పిలిచారనో చెబితే తప్ప ఆయన్ని పరిచయం చేయలేమా? ఆయన వాయించింది రికార్డై మన చేతుల్లోనే ఉంది కదా. అది వినిపించండి.

నేను ఉద్యోగం మీద ఐర్లండ్‌లోని కార్క్ వచ్చేదాకా ఆయన పేరే వినలేదు. ఊరి మధ్యలో చిన్న కూడలి ఉంది, దానికి రోరీ గాలహర్ ప్లేస్ అని పేరు. అక్కడ మెలితిరిగిన కంచు గిటార్ శిల్పం ఉంటుంది. నెల్లాళ్ళు రోజూ దాని పక్కనుంచే నడిచాను. ఒకరోజు వర్షానికి అక్కడే ఒక షాపు చూరు కింద నిలబడాల్సి వచ్చింది. సరే, ఎవరీయన అని ఫోన్‌లో వెతికి, ఆయన లైవ్ ఆల్బమ్ 'ఐరిష్ టూర్ 74' పెట్టాను. వర్షం ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

ఆయన పుట్టింది 1948లో, డొనెగాల్ జిల్లా బాలీషానన్‌లో. పెరిగింది కార్క్‌లో. 1963లో, పదిహేనేళ్ళకే, ఇక్కడి క్రౌలీస్ అనే సంగీతవాద్యాల షాపులో ఒక సెకండ్ హ్యాండ్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఎలక్ట్రిక్ గిటార్ చూశాడు. ధర వంద పౌండ్లు. ఆ రోజుల్లో మామూలు కుటుంబానికి అది కొండంత డబ్బు. వాయిదాల మీద తీసుకున్నాడు. "ఇది ఉంటే లీడూ, రిథమూ రెండూ నేనే వాయించుకోవచ్చు, ఇంకో గిటారిస్టు ఖర్చుండదు" అని వాళ్ళమ్మకి సర్దిచెప్పాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఏదో ఒకటి కొనిపించుకోవడానికి అమ్మ దగ్గర లెక్కలు చెప్పని మధ్యతరగతి పిల్లలెవరు? తేడా ఏంటంటే ఈయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. చనిపోయేదాకా ఆ గిటారే వాయించాడు.

ఒకసారి ఆ గిటార్ డబ్లిన్‌లో దొంగల పాలైంది. కొన్ని రోజుల తర్వాత ఒక గుంటలో దొరికింది. దాని ఫోటో దగ్గరగా చూడండి. రంగు దాదాపు మొత్తం పోయింది. మోచేయి ఆనేచోట, పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) తగిలేచోట లోపలి చెక్క బయటపడి, దాని ఈనెలు కూడా కనిపిస్తాయి. ఆ చెక్కలోకి ఎన్ని కచేరీల చెమట దిగిందో! ఇప్పుడు కంపెనీలు అదే రకంగా అరిగినట్టు చేసి కొత్త గిటార్లు అమ్ముతున్నాయి. కొనేవాళ్ళని ఏమీ అనను, అభిమానం అలాంటిది.

ఇక అసలు విషయం. రోరీని "బెస్ట్ ఆఫ్"తో మొదలుపెట్టొద్దు. ఆ తరహా కలెక్షన్లు వినేసి "బాగానే ఉంది" అని వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తప్పు వాళ్ళది కాదు. స్టూడియో ఆల్బమ్‌లు మంచివే. 1973 నాటి 'టాటూ', 1976 నాటి 'కాలింగ్ కార్డ్' నేను నెలకోసారైనా వింటాను. కానీ రోరీకి పాట ఒక బాట లాంటిది. స్టూడియోలో బాట వేసేవాడు, స్టేజీ మీద నడిచేవాడు. మన కచేరీల్లో కృతి అందరూ పాడతారు, మనం వెళ్ళేది ఆ పూట మనోధర్మం ఎలా సాగుతుందో వినడానికి. ఇదీ అంతే. సింగిల్స్ (ఒక్కో పాట విడిగా) రిలీజ్ చేయనని పట్టుబట్టి కూర్చున్నాడంటేనే తెలియడం లేదూ, మూడు నిమిషాల ముక్కలుగా తనని వినడం ఆయనకి ఇష్టం లేదని.

1972లో వచ్చిన 'లైవ్ ఇన్ యూరప్' తీసుకోండి. అందులో 'గోయింగ్ టు మై హోమ్‌టౌన్' అని ఒక పాట ఉంది. గిటార్ పక్కన పెట్టి మాండలిన్ అందుకుంటాడు. ఆ బుల్లి వాయిద్యంతో అంత పెద్ద హాలుని ఏం చేయగలడనిపిస్తుంది. జనం కాళ్ళతో నేలని కొడుతూ, చప్పట్లతో తాళం వేస్తుంటే, సొంతూరికి పోదామా అన్నట్టు ఆయన అరుస్తాడు, హాలంతా బదులిస్తుంది. పరాయి దేశంలో ఉంటూ ఊరెళ్ళే టికెట్ల ధరలు చూసుకునే మనలాంటివాళ్ళకి ఆ పాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

బ్లూస్ అంటే ఏంటి అని అడిగే మనవాళ్ళకి నేను వీణతోనే మొదలుపెడతాను. మెట్టు మీద తీగని పక్కకి లాగి గమకం పలికిస్తారు చూడండి, బ్లూస్ గిటార్‌లో తీగని బెండ్ చేయడం అలాంటిదే. రెండు స్వరాల మధ్య ఉన్న సందులోనే బాధంతా ఉంటుంది. మిసిసిపీలో పత్తి చేలల్లో వెట్టిబతుకు బతికిన నల్లజాతివాళ్ళ గొంతు అది. రోరీ ఆ రుణం ఎప్పుడూ మర్చిపోలేదు. అమెరికన్ బ్లూస్ దిగ్గజం మడ్డీ వాటర్స్ లండన్ వచ్చి రికార్డు చేస్తే ఆయన పక్కన కూర్చుని వాయించాడు. ఐరిష్ టూర్ ఆల్బమ్‌లో రెండో పాట మడ్డీదే.

వీడియోలు చూస్తే ఆయన కుడిచేతి చిటికెనవేలు గమనించండి. మిగతా వేళ్ళు పిక్ పట్టుకుని వాయిస్తుంటే, అది గిటార్ మీద ధ్వని తీరు మార్చే టోన్ నాబ్‌ని తిప్పుతుంటుంది. గిటార్ ఒక్కసారి మూలిగినట్టు, ఏడ్చినట్టు వినిపిస్తుంది. కాలి కింద ధ్వనిని మార్చే పెడళ్ళ వరస ఉండదు. తొలి రోజుల్లోనైతే ఒక వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయర్, పై స్వరాలని పదునుగా వినిపించే ఒక చిన్న ట్రెబుల్ బూస్టర్ డబ్బా, అంతే. ఒంటి మీద గళ్ళ చొక్కా, జీన్స్. మిగతాదంతా చేతుల్లోంచే వచ్చింది.

బెల్‌ఫాస్ట్ గురించి చెప్పకపోతే ఈ పోస్ట్ రాసి ప్రయోజనం లేదు. డెబ్బైల మొదట్లో, బెల్‌ఫాస్ట్ రాజధానిగా ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాల గొడవలతో రోజూ బాంబులు, కాల్పులు. బయటి బ్యాండ్లు అటువైపు రావడమే మానేశాయి. రోరీ మాత్రం వెళ్ళేవాడు, అల్స్టర్ హాల్లో వాయించేవాడు. బయట ఒకరి వీధిలోకి ఒకరు అడుగుపెట్టలేని క్యాథలిక్, ప్రొటెస్టెంట్ కుర్రాళ్ళు లోపల భుజం భుజం ఆనించి నిలబడేవాళ్ళు. శాంతి గురించి ఆయన ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. వస్తానన్న రోజుకి వచ్చి, ఒళ్ళు హూనమయ్యేలా వాయించి వెళ్ళేవాడు. 'ఐరిష్ టూర్ 74' ఆల్బమ్ బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ మూడు ఊళ్ళ కచేరీల నుంచి తయారైంది. 2014లో ఏడు సీడీలు, ఒక డీవీడీతో పెద్ద సెట్‌గా మళ్ళీ వేశారు. నా దగ్గరుంది. ఎవరికీ అరువివ్వను.

అభిమానం అంటే అన్నీ బాగున్నాయనడం కాదు. 1980 నాటి లైవ్ ఆల్బమ్ 'స్టేజ్ స్ట్రక్' నాకు ఎక్కదు. హోరు పెరిగి పాటకి ఊపిరాడదు. ఆయన కూడా తన పని మీద కనికరం చూపేవాడు కాదు. 1977 చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఆల్బమ్ మొత్తం రికార్డు చేసి, మిక్స్ నచ్చక చెత్తబుట్టలో పడేశాడు. ఆ పాటలు 2011లో గానీ బయటికి రాలేదు. వింటే, ఎందుకు పారేశాడా అనిపిస్తుంది. కానీ ఆ మొండితనమే లేకపోతే ఆయన రోరీ కాడు.

1995 జూన్ 14న లండన్ ఆసుపత్రిలో పోయాడు, కాలేయ మార్పిడి తర్వాత. నలభై ఏడేళ్ళే. ఆ ఏడాది జనవరి దాకా స్టేజీ మీదే ఉన్నాడు. అంత్యక్రియల రోజు కార్క్ వీధులు జనంతో నిండిపోయాయని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. బాలీషానన్‌లో ఏటా ఆయన పేరు మీద పండగ చేస్తారు, దేశదేశాల నుంచి వస్తారు. 2024లో ఆ స్ట్రాటోకాస్టర్ వేలానికి వస్తోందని తెలిసి అభిమానులమంతా తెగ టెన్షన్ పడ్డాం, ఏ కోటీశ్వరుడి అద్దాల అలమారలోకో పోతుందని. చివరికి ఫీజులతో కలిపి దాదాపు 8,90,000 పౌండ్లకి కొన్న సంస్థ దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియంకి ఇస్తామంది. ఆ వార్త చదివి బస్సులోనే కళ్ళు తుడుచుకున్నాను. ఇదంతా జరుగుతున్న మనిషిని పట్టుకుని అండర్‌రేటెడ్ అంటారేంటండీ?

మొదలుపెట్టేవాళ్ళు ఐరిష్ టూర్‌లో ఆరో పాట, 'ఎ మిలియన్ మైల్స్ అవే' పెట్టండి. జనంతో కిటకిటలాడే హోటల్ బార్‌లో ఒంటరిగా కూర్చున్న మనిషి పాట. ఇయర్‌ఫోన్స్ ఉంటే మంచిది. పని చేసుకుంటూ వినొద్దు.

మా ఆఫీసులో పోయినేడాది రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. 1974 జనవరిలో కార్క్ సిటీ హాల్ కచేరీకి వెళ్ళారు, అప్పుడు స్కూలు పిల్లాడు. ఏ పాట బాగా గుర్తుందని అడిగాను. చాలాసేపు ఆలోచించారు. పాటలేవీ విడిగా గుర్తులేవట. కోటు చేత్తో పట్టుకుని, చెమటకి తడిసిన చొక్కాతోనే, ఆ చలిలో లీ నది పక్కనుంచి ఇంటిదాకా నడిచారట. చెవుల్లో హోరు మర్నాడు మధ్యాహ్నానికి గానీ తగ్గలేదట. పొద్దున్న వాళ్ళమ్మ పిలుస్తుంటే వినపడక బాగా తిట్లు తిన్నారట.