చేపపిల్లకు ఈత సరే, బేరం ఎవరు నేర్పుతారు?

"పసిఫిక్ దీవుల వాళ్లు పుట్టడమే సముద్రంలో పుడతారు. వాళ్లకు సముద్రం గురించి యూనివర్సిటీలో పాఠాలేంటి, చేపపిల్లకు ఈత నేర్పినట్టు! ఆ డబ్బుతో నాలుగు పడవలు కొనిస్తే పోలా?" ఇలాంటి పోస్టు ఒకటి ఈమధ్య తెగ తిరుగుతోంది. చదవగానే నిజమే కదా అనిపిస్తుంది. దాన్నీ, దానితోపాటు వినబడే మాటలనూ ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

"సముద్రం వాళ్ల రక్తంలోనే ఉంది." ఏ సముద్రం? ఒడ్డు పక్కన పగడపు దిబ్బల దగ్గర వేట సంగతైతే ఒప్పుకుంటాను. అక్కడి ముసలివాళ్ల ముందు ప్రొఫెసర్లు దిగదుడుపే. కానీ కిరిబాటి అనే దీవుల దేశం నేల 811 చదరపు కిలోమీటర్లయితే, దానికి హక్కున్న సముద్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అంత దూరాన ట్యూనా పట్టేవి ఎక్కువగా విదేశీ ఓడలే. అందుకే ట్యూనా వేట విషయంలో ఒక్కమాట మీద నిలబడ్డ పసిఫిక్ దీవుల కూటమి, అంటే నౌరు ఒప్పందంలోని దేశాలు, 2007 నుంచి కొత్త పద్ధతి పెట్టాయి. ఏడాదికి మొత్తం ఎన్ని రోజులు వేట సాగాలో ముందే తేల్చి, ఆ రోజులను ఓడలకు అమ్ముతాయి. తర్వాత రోజుకు కనీస ధర కూడా పెట్టాయి. 2010లో సుమారు 6 కోట్ల డాలర్లున్న ఆదాయం దశాబ్దం తిరిగేసరికి దాదాపు 50 కోట్లకు చేరింది. ఎల్‌నినో వచ్చి, అంటే పసిఫిక్ నడిమి, తూర్పు నీళ్లు వేడెక్కి, ట్యూనా తూర్పుకు జరిగితే ఏ దేశం రోజులకు గిరాకీ పెరుగుతుంది, చేపల నిల్వ తరగకుండా ఎన్ని రోజులు అమ్మొచ్చు? ఇది తాత నేర్పే విద్య కాదు. కంపెనీల వాళ్ల ఎదుట కూర్చునే ఆఫీసరుకు జీవశాస్త్రం, చట్టం, లెక్కలు మూడూ రావాలి.

పడవల మాటకు ఒకటే జవాబు: చేప తగ్గిన చోట పడవలు పెంచితే మిగిలింది ఇంకా తొందరగా అయిపోతుంది.

"చదువుకున్నవాళ్లు వచ్చి పాత పద్ధతుల్ని చెరుపుతారు." ఫిజీలోని ఉదునివనువా అనే ఊళ్లో జరిగింది దీనికి సరిగ్గా తిరగబడి ఉంది. అక్కడివాళ్లు ఏరుకునే కైకోసో గుల్లలు తగ్గిపోతుంటే, 1997లో ఊరూ, దక్షిణ పసిఫిక్ యూనివర్సిటీ వాళ్లూ కలిసి కొంత మేర 'తబు' పెట్టారు. అంటే అక్కడ ఏరకూడదు. ఆ కట్టుబాటు ఊరిదే. గుల్లలు ఎలా లెక్కపెట్టాలో, ఏడాదికేడాది ఎలా పోల్చాలో మాత్రం యూనివర్సిటీ నేర్పింది. లెక్కపెట్టింది ఊరివాళ్లే. తబు లోపలే కాదు, పక్కనా గుల్లలు పెరిగాయి. ఆ పద్ధతి తర్వాత ఫిజీలో వందల ఊళ్లకు పాకింది.

"చిన్న దేశాలకు యూనివర్సిటీ దండగ." ఒక్కొక్క దేశం విడిగా కట్టుకుంటే దండగే. అందుకే 1968లో మొదలైన ఆ దక్షిణ పసిఫిక్ యూనివర్సిటీని 12 దేశాలు ఉమ్మడిగా నడుపుకుంటున్నాయి.

"చదివినవాళ్లు దేశం వదిలి పోతారు." ఇందులో నిజం ఉంది, కాదనను. కానీ శిక్షణంటే డిగ్రీ ఒక్కటే కాదు. ఆ దీవుల నీళ్లలో పెద్ద వలలతో ట్యూనా పట్టే ప్రతి ఓడలోనూ వేటను గమనించే అబ్జర్వర్ ఒకరు ఉండాలని 2010లో నియమం వచ్చింది. కోవిడ్ కాలంలో మాత్రం సడలించారు. భాష తెలియని సిబ్బంది మధ్య ఒక్కడే వారాల తరబడి ఉండి, వలలో ఏం పడిందో, ఏది తిరిగి నీళ్లలో పారేశారో రాసుకోవాలి. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. పోస్టు రాసినాయన దృష్టిలో అతనికి నేర్పాల్సింది కూడా ఈతేనేమో.