ఒక్క బ్యాచ్ మీద ఎన్ని ప్రయోగాలు!

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల నుంచి 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలు అయిదేళ్లలో చూసినన్ని సంస్కరణలు వాళ్ల తల్లిదండ్రులు జీవితం మొత్తంలో చూసి ఉండరు. ఆరో తరగతిలో చేరాల్సిన ఏడాది కోవిడ్. ఎనిమిదికి వచ్చేసరికి వెయ్యి బడులకు సీబీఎస్‌ఈ బోర్డు తగిలించారు. 2022 డిసెంబరులో చేతికి ట్యాబులిచ్చారు, వాటిలో ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ పాఠాలు పెట్టారు. తొమ్మిదిలో ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే అంతర్జాతీయ పరీక్ష టోఫెల్ అన్నారు. పదో తరగతి మొదలై మూడు నెలలు గడిచాక, 2024 సెప్టెంబరులో, ఎన్నికల్లో గెలిచి వచ్చిన కొత్త ప్రభుత్వం సీబీఎస్‌ఈ వద్దు, రాష్ట్ర బోర్డు పరీక్షే రాయండి అంది. టోఫెల్ కూడా అటకెక్కింది. పాఠాలిచ్చిన బైజూస్ అంతకు రెండు నెలల ముందే దివాలా ప్రక్రియలోకి వెళ్లిపోయింది.

తెచ్చినప్పుడూ తీసేసినప్పుడూ ప్రభుత్వాలు కారణాలు చెప్పాయి. కొన్ని సబబైనవే. సీబీఎస్‌ఈ పరీక్షకు పిల్లలు సిద్ధంగా లేరన్న మాటను ఆ తరగతులకు పాఠం చెప్పిన టీచర్లలో చాలామంది కాదనరు. అయితే ఆ మాట మొదటి ఏడాదే వాళ్లను అడిగి ఉంటే తెలిసేది. తెచ్చేటప్పుడు అడగలేదు, తీసేసేటప్పుడూ అడగలేదు. ‘సార్, ఇప్పుడు మా పరీక్ష ఏ బోర్డుది?’ అన్న పిల్లవాడికి జవాబు చెప్పే పని మాత్రం వాళ్లకే వదిలేశారు.

పట్టణాల్లోని మునిసిపల్ బడులకు ఈ అనుభవం మరీ పాతది. రాష్ట్రమంతటా ఇంగ్లీషు మీడియం చర్చ రేగకముందే, 2017లో, అక్కడ దాన్ని మొదలుపెట్టారు. 2022లో వాటి పర్యవేక్షణను పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. ఆస్తులు పురపాలికలవి, అజమాయిషీ విద్యాశాఖది. కుళాయి చెడితే ఒక ఆఫీసు, ఖాళీ పోస్టు గురించి అడగాలంటే మరో ఆఫీసు. అదే ఏడాది వచ్చిన 117వ జీవో మూడు, నాలుగు, అయిదు తరగతులను ప్రాథమిక బడుల నుంచి తీసి దగ్గర్లోని హైస్కూళ్లకు చేర్చింది, బడులను ఆరు రకాలు చేసింది. ఎనిమిదేళ్ల పిల్ల ట్రాఫిక్ రోడ్డు దాటి ఎలా వెళ్తుందన్నది జీవో రాసినవాళ్లకు పట్టినట్టు లేదు. కొత్త ప్రభుత్వం 2025లో దాన్ని రద్దు చేసింది, మంచిదే. ఆ స్థానంలో బడులు తొమ్మిది రకాలయ్యాయి. వాటిలో ఒక రకమైన మోడల్ ప్రైమరీ బడిలో తరగతికో టీచరన్న హామీ మెచ్చుకోదగ్గది. అయినా బడి రకం మారిన ప్రతిసారీ సర్దుబాటు పేరుతో మూట సర్దుకునేది టీచరే.

పథకాల పేర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. విద్యా కానుక విద్యార్థి మిత్ర అయింది, గోరుముద్ద డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనమైంది, అమ్మ ఒడి తల్లికి వందనమైంది. గోడ మీద పేరు ఎవరైనా మార్చి రాయగలరు. రిజిస్టరులో, యాప్‌లో మార్చాల్సింది మాత్రం మళ్లీ టీచరే.

నగరంలోని బడి ఉదయం ఎలా ఉంటుందో చూడండి. ముందు టీచరు తన ముఖాన్ని ఫోనుకు చూపించి హాజరు వేసుకోవాలి. నెట్ అందకపోతే గేటు దగ్గరికొచ్చి ఫోను పైకెత్తి నిలబడాలి. తర్వాత పిల్లల హాజరు, భోజనం చేసేవారి లెక్క, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క. మరుగుదొడ్లకు ఫొటోలు తీసి పంపమన్న రోజులూ ఉన్నాయి. వీటి మీదికి 2024లో ప్రతి విద్యార్థికీ ఇచ్చే గుర్తింపు నంబరు, అపార్ ఐడీ వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, అడ్మిషన్ రిజిస్టరులో వెనకుంటుంది, పుట్టిన తేదీ రెండుచోట్లా రెండు రకాలు. రెండూ కలిస్తేగాని నంబరు రాదు. పిల్లవాడి తల్లి నాలుగిళ్లలో పాచిపని చేసుకునే మనిషి, ఫోన్ నంబరు మార్చేసింది, అద్దె ఇల్లూ మారింది. ఆమెను వెతికి పట్టుకుని, ఆధార్ కేంద్రానికి పంపి, సరిచేయించే పనీ టీచరుదే. ఆ సమయంలో తరగతిలో ఎక్కాలు ఎవరు అప్పజెప్పించుకున్నారని ఏ యాప్ అడగదు.

వేళకు బడికి రమ్మంటే కోపమెందుకని జనం అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆలస్యంగా వచ్చేవాళ్లు, సొంత పిల్లల్ని కార్పొరేట్ బడికి పంపి సర్కారు బడి గొప్పదనం గురించి ఉపన్యసించేవాళ్లు టీచర్లలో లేకపోలేదు. హాజరు నిఘానే వద్దంటే మేం సమర్థించం. సొంత ఫోను, సొంత డేటాతో ప్రభుత్వ పని చేయమనడమూ, సర్వర్ మొరాయిస్తే మెమో ఇవ్వడమూ మాత్రం దబాయింపే.

జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరో పనికి టీచర్లను వాడకూడదని విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ 2009 నుంచీ చెబుతూనే ఉంది. ఆ చట్టం ఉండగానే 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి టీచర్లకు డ్యూటీలు వేశారు! 2022 నవంబరులో రాష్ట్రం తన నిబంధనలనూ సవరించి బోధనేతర పనులు వద్దంది. యాప్‌లో నమోదును ఎవరూ బోధనేతర పనిగా లెక్కేయరు కాబట్టి ఆ సవరణతో ఒరిగిందేమీ లేదు. ఇప్పుడు యాప్‌లన్నిటినీ కలిపి లీప్ అనే ఒకే యాప్ చేశారు. తాకే బొమ్మ ఒకటే అయింది, నింపాల్సిన గడులు తగ్గాయా అన్నదే టీచర్ల ప్రశ్న.

నాడు-నేడుతో చాలా బడులకు నీళ్లు, ఫ్యాన్లు, మరుగుదొడ్లు వచ్చాయి. అది నిజమైన మేలు, టీచర్లూ ఒప్పుకుంటారు. సంస్కరణంటేనే వాళ్లకు గిట్టదన్న వాదన అందుకే నిలవదు. మొదలుపెట్టింది పూర్తయ్యేదాకా ఉంచమని, తమ మాట కూడా వినమని వాళ్లు అడుగుతున్నారు.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు ప్రభుత్వం మూడు పనులు చేయాలి. బోర్డు, మాధ్యమం, సిలబస్‌లలో ఏ మార్పు తెచ్చినా కొత్తగా చేరే తరగతితో మొదలవ్వాలి, మధ్యలో ఉన్న బ్యాచ్ జోలికి పోకూడదు. పట్టణ హైస్కూళ్లలో యాప్‌లు, అపార్, భోజనం లెక్కలు చూసేందుకు ఒక గుమాస్తాను నియమించాలి. రెండో టీచరు లేని బడులున్న రాష్ట్రంలో ఇది విలాసమని ఆర్థికశాఖ అనవచ్చు. టీచరు జీతమిచ్చి గుమాస్తా పని చేయించుకోవడం అంతకన్నా ఖరీదు. ఇక, 5 లక్షలకు పైగా ట్యాబులు, టోఫెల్, సీబీఎస్‌ఈల మీద ఎంత ఖర్చయింది, పిల్లలకు ఏం వచ్చిందన్న లెక్కను రెండు ప్రభుత్వాల హయాముల్నీ కలిపి శాసనసభ ముందుంచాలి.