చెరువుకు మొక్కుతున్నాం, కావలి ఎవరు కాస్తున్నారు?

వరంగల్‌లో వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు నేను ముందు అడిగేది ఒకటే: చెరువు శిఖం, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే నేల, ఎవరి చేతిలో ఉంది? మొక్కలు నాటండి, కరెంటు ఆదా చేయండి, ప్లాస్టిక్ మానండి అని అందరికీ ఒకే సలహా ఇచ్చే సభల్లో ఈ మాట రాదు.

2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేస్తే జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు మనుషులను మింగేసింది. నగరంలో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ వైపు కాలనీలు నీళ్లలో చిక్కాయి. మునిగినవాటిలో మధ్యతరగతి ఇళ్లూ ఉన్నాయి. కానీ వాళ్లకు పై అంతస్తు ఉంది, చుట్టాల ఇల్లుంది, ఎంతోకొంత పొదుపు ఉంది. కిరాయి తక్కువని లోతట్టులో చేరిన కూలి కుటుంబానికి బియ్యం డ్రమ్ము తడిసినా, కుట్టు మిషన్ కొట్టుకుపోయినా మళ్లీ మొదటికే. నాలాను పూడ్చి ప్లాట్లు అమ్ముకున్నవాళ్లు మాత్రం మెరక మీదే ఉంటారు.

చెరువును అమ్మగా చూసే సంస్కృతి మనదని గర్వపడతాం. నిజమే. కట్ట మీద మైసమ్మ ఉంటుంది, బతుకమ్మ సాగేది చెరువులోకే. రామప్ప, పాకాల, లక్నవరం ఈ నేల మీదే ఉన్నాయి. అయితే చెరువును వందల ఏళ్లు నిలబెట్టింది భక్తి ఒక్కటే కాదు. తూము తీసి మూసేది, వాన రాత్రి కట్ట మీద తిరిగి గండి పడకుండా చూసేది, ఏ మడికి ఎంత నీళ్లో పంచేది నీరటి. ఎక్కువగా దళిత కుటుంబాలకు తరతరాలుగా వచ్చిన పని అది. కల్లంలో కొలిచే గింజలు, ఎక్కడైనా కొంత మాన్యం, అంతే ప్రతిఫలం. ఊరందరికీ నీళ్లు పంచిన మనిషిని ఊరబావి దగ్గరికి రానివ్వలేదు. అందుకే పాత పద్ధతిని తిరిగి తెమ్మని నేననను. కులం అంటగట్టిన చాకిరీ పోవాల్సిందే.

కానీ బోర్లు వచ్చి నీరటి వెళ్లిపోయాక ఆ పని ఏమైంది? 2015లో మొదలైన మిషన్ కాకతీయతో చాలా చెరువుల్లో పూడిక తీశారు, తూములు బాగుచేశారు. అయినా రోజూ కట్ట చూసుకునే మనిషి చాలా ఊళ్లలో లేడు. తెల్లారేసరికి కుంభవృష్టి కురిసే ఈ రోజుల్లో ఆ మనిషి అవసరం మునుపటి కంటే ఎక్కువ. కులంతో పనిలేకుండా, ఆడవాళ్లకూ అవకాశమిస్తూ, నెల జీతంతో పంచాయతీలు ఆ ఉద్యోగం ఇవ్వాలి.

కౌలు రైతుదీ ఇలాంటి కథే. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే అందింది, దున్నేవాడికి కాదు. వచ్చే ఏడు ఈ చేను తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు గట్టు మీద చెట్టు ఎందుకు పెంచుతాడు? భూసారం కోసం మూడేళ్లు ఎలా ఆగుతాడు? ఆయనకు అవగాహన లేదనడం అన్యాయం. లేనిది హక్కు.

ఎండ సంగతీ అంతే. వడదెబ్బను 2025లో రాష్ట్రం విపత్తుగా గుర్తించి, చనిపోతే కుటుంబానికి 4 లక్షలు ఇస్తామంది. మంచి నిర్ణయం. మరి ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి ఏరడానికి వచ్చి, చేలో గుడారం వేసుకున్న ఆదివాసీ కుటుంబం పోస్టుమార్టం కాగితాల కోసం ఎన్ని ఆఫీసులు తిరుగుతుంది? మధ్యాహ్నం పని ఆపితే ఆ పూట కూలి ఎవరిస్తారు?

చెరువుల హద్దులు తేల్చే పని ఎప్పుడు మొదలైనా ముందు గుడిసెలే కనబడతాయి, వాటినే తీసేస్తారు. శిఖంలో లేచిన పెద్ద కట్టడాలు, వెంచర్ల దగ్గర ఆ పని మొదలుపెట్టాలి. గుడిసె తీయక తప్పని చోట, ముందు మెరక మీద ఇల్లు చూపించాలి. అదీ పిల్లల బడికీ, కూలి అడ్డాకూ దగ్గరలో.