ఇంటివాళ్లే సాక్షులైన కేసు

మన పత్రికకు వచ్చే మిస్టరీ కథల్లో ఈమధ్య చేయని నేరానికి శిక్ష పడినవాడు తరచుగా కనబడుతున్నాడు. సంతోషం. కానీ చివరి పేజీలో అసలు హంతకుడు తనంతట తానే ఒప్పేసుకుంటాడు, జైలు గేటు తెరుచుకుంటుంది, తల్లి కళ్లు తుడుచుకుంటుంది. అన్నేళ్లూ ఆ తల్లి, ఆ అన్నదమ్ములు ఏం చేశారో ఎవరూ రాయరు. నా మటుకు అసలు మిస్టరీ అదే.

కళ్లారా చూసినవాళ్లు లేని హత్య కేసులో చాలా సంగతులు చెప్పాల్సింది ఇంటివాళ్లే. ఆ రాత్రి ఎన్నింటికి వచ్చాడు, పొలం గొడవలున్నాయా, చివరిసారి ఎవరితో కనబడ్డాడు. పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే అది కోర్టులో చెల్లదు, ఆ మాట పట్టుకుని వెళ్తే దొరికిన కత్తి మాత్రం చెల్లుతుంది. పంచనామా మీద సంతకం పెట్టిన పెద్దమనిషి నిజంగా అక్కడ ఉన్నాడా? అనుమానం ఎంత బలమైనదైనా రుజువు కిందికి రాదని సుప్రీంకోర్టు 1984లోనే శరద్ బిర్ధిచంద్ సర్దా కేసులో చెప్పింది. కథ రాసేముందు ఆ తీర్పు చదవండి, ప్లాట్ల కోసం వెతుక్కునే పని ఉండదు.

వరంగల్‌నే తీసుకోండి. నిజాం కాలం నాటి సెంట్రల్ జైలును 2021లో కూల్చేశారు, ఆ జాగాలో పెద్దాసుపత్రి కట్టడానికి. ఖైదీలను వేరే జైళ్లకు పంపారు. పరకాలలో పొద్దున బస్సెక్కి, ములాఖత్ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే తల్లి ఇప్పుడు హైదరాబాద్‌లోని చర్లపల్లి జైలు దాకా పోవాలనుకుందాం. తోడు ఎవరొస్తారు? ములాఖత్ రిజిస్టర్‌లో తమ్ముడి సంతకం ఏ నెల నుంచి లేదు? అంతకు కొంచెం ముందే, 2020 అక్టోబర్‌లో, తెలంగాణ భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. నాన్న పోయాక విరాసత్‌కు, అంటే పొలం వారసుల పేరు మీదికి మార్చడానికి, ఎవరు దరఖాస్తు పెట్టారు? జైల్లో ఉన్నవాడి వాటా ఎవరి పాసుపుస్తకంలోకి ఎక్కింది? తాత రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నప్పటి సాదాబైనామా ఎవరి దగ్గరుంది? రక్తపు మరకల కన్నా ఈ తేదీలు ఎక్కువ చెప్తాయి.

అలాగని అన్న మీద సాక్ష్యం చెప్పిన తమ్ముణ్ణి విలన్ చేసేయకండి. చీకట్లో తను చూసింది అన్ననే అని మొదట నిజంగానే నమ్మి ఉండొచ్చు. అనుమానం వచ్చేసరికి పొలం తన పేరు మీదికి వచ్చేసింది. ఇక నోరెలా విప్పుతాడు? నాకు ఆ మనిషి గురించి చదవాలని ఉంది. దేశం దాటొచ్చిన మనలాంటి వాళ్ల పాత్ర కూడా అక్కడే ఉంది: ఫోన్‌లో విన్నదే నిజమనుకుని, లాయర్ ఫీజు పంపించేసి, ఆపైన ఏమీ అడగని అమెరికా అక్క.

చనిపోయినవాళ్ల కుటుంబమేమో మన కథల్లో మొదట్లో ఏడ్చి మాయమైపోతుంది. విజయవాడ దగ్గర 2007లో హాస్టల్లో అమ్మాయి హత్య కేసు గుర్తుండే ఉంటుంది. 2010లో శిక్ష పడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషి అని విడుదల చేసింది. అతను హంతకుడు కాదని గట్టిగా చెప్తూ వచ్చింది కూతుర్ని పోగొట్టుకున్న తల్లే. అంత దుఃఖంలోనూ ఎవరో ఒకరికి శిక్ష పడితే చాలని ఆమె అనుకోలేదు. అలాంటి తల్లి మన కథల్లో నాకింతవరకూ కనబడలేదు. తప్పుడు కేసుల్లో నలిగినవాళ్లకు పరిహారం చట్టంలో పెట్టాలని లా కమిషన్ 2018లో సిఫారసు చేసింది, ఆ చట్టం ఇంకా రాలేదు.

ఆ యువకుడు బయటికొచ్చేనాటికి కూడా అసలు హంతకులెవరో తేలలేదు. కథలో తేల్చకపోతే పాఠకులు కోప్పడతారని మన రచయితలు భయపడుతున్నారు. కోప్పడనివ్వండి.