150 శాతం జెనోవా ఒక్కటి చాలదు

చెన్నైలో పడవ కొనుక్కున్న తెలుగు మిత్రుల మధ్య ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "క్లబ్ రేసుల్లో గెలవాలంటే ముందు తెరచాప ఎంత పెద్దదైతే అంత మంచిది. 150 శాతం జెనోవా ఒకటి కొనండి. సగం తెరచాప ఎక్కువ, అంటే సగం బలం ఎక్కువ. రెండు తెరచాపల మధ్య సందులోంచి గాలి దూసుకెళ్లి మెయిన్‌కి కూడా ఊపు ఇస్తుంది. గాలి పెరిగితే ఫర్లర్ మీద కాస్త చుట్టేయండి, రెండో తెరచాప దండగ. హ్యాండిక్యాప్ గురించి టెన్షన్ వద్దు, ఆ తేడా వేగంలో వచ్చేస్తుంది." ఇందులో మెయిన్ అంటే మాస్ట్‌కు, అంటే తెరచాప స్తంభానికి, వెనక ఉండే ప్రధాన తెరచాప. ముందు తెరచాప చిన్నదైతే జిబ్, మాస్ట్‌ను దాటి వెనక్కి వచ్చేంత పెద్దదైతే జెనోవా. ఫర్లర్ ముందు తెరచాపను చుట్టే పరికరం. హ్యాండిక్యాప్ అంటే వేర్వేరు పడవలను సమం చేయడానికి రేసు సమయంలో చేసే సర్దుబాటు. తెరచాప చవకగా దొరికే వస్తువు కాదు. ఈ సందేశం చూసి ఆర్డర్ ఇచ్చేస్తున్నవాళ్లు ఉన్నారు. అందుకే దీనిలోని ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు లెక్క. మాస్ట్‌ను ముందువైపు నుంచి పట్టి ఉంచే తీగ ఫోర్‌స్టే. దాని అడుగు నుంచి మాస్ట్ దాకా డెక్ మీద ఉన్న దూరాన్ని 'జే' అంటారు. తెరచాప వెనక మూల, అంటే క్లూ నుంచి లఫ్ (ముందు అంచు) మీదికి గీసిన లంబం 'ఎల్‌పీ'. ఎల్‌పీ పొడవు జేకి ఒకటిన్నర రెట్లుంటే అది 150 శాతం జెనోవా. జే 3 మీటర్లు, లఫ్ 10 మీటర్లు ఉన్న పడవను తీసుకుందాం. 100 శాతం జిబ్ విస్తీర్ణం 15 చదరపు మీటర్లు, 150 శాతం జెనోవాది 22.5. ఇంతవరకు సందేశం చెప్పింది నిజమే. కానీ పడవను లాగేది ముందు తెరచాప ఒక్కటే కాదు కదా. మెయిన్ 18 చదరపు మీటర్లనుకుంటే మొత్తం 33 నుంచి 40.5కి పెరిగింది. అంటే పెరిగింది 23 శాతం లోపే. నీటి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుందనుకున్నా, ఆ 23 శాతం వేగంలో 11 శాతానికి మించదు. అది కూడా పలుచని గాలిలోనే. పడవ తన హల్ వేగానికి, అంటే నీటిలో దాని ఒంటి (హల్) పొడవును బట్టి ఉండే వేగపు హద్దుకు, దగ్గరపడితే అలల నిరోధం ఇంకా నిటారుగా పెరుగుతుంది. వాటర్‌లైన్ (నీటిమట్టం దగ్గరి పొడవు) 25 అడుగులున్న పడవకు ఆ హద్దు సుమారు 6.7 నాట్స్ (గంటకు సముద్ర మైళ్లు). అక్కడికి చేరాక ఎదురుగాలిలో ఎంత గుడ్డ కట్టినా పడవ మరింత ఒరుగుతుందే తప్ప ముందుకు పోదు.

అసలు ఈ 150 అనే అంకె ఎక్కడిది? దాన్ని గాలి నిర్ణయించలేదు, రేటింగ్ నియమం నిర్ణయించింది. 1970, 80లలో పెద్ద పడవల రేసులను నడిపించిన ఐఓఆర్ అనే రేటింగ్ నియమం కొలతల్లో ఎల్‌పీ జేకి ఒకటిన్నర రెట్ల దాకా ఉన్నా అదనపు శిక్ష లేదు. అంతకంటే చిన్నది కట్టినా లాభం లేదు. ఉచితంగా వచ్చే విస్తీర్ణాన్ని ఎవరు వదులుకుంటారు? దాంతో డిజైనర్లు మెయిన్‌ను చిన్నది చేసి, మాస్ట్ కొస దాకా వెళ్లే పెద్ద జెనోవాల చుట్టూ పడవలు గీశారు. ఆ నియమం పోయినా అంకె మాత్రం మిగిలింది. జే బోట్స్ అనే సంస్థ పడవల్లోనే ఈ మార్పు కనిపిస్తుంది. 1970ల నాటి జే/24కి 150 శాతం జెనోవా ఉంది. 2012లో వచ్చిన జే/70కి మాస్ట్‌ను కొద్దిగా మాత్రమే దాటే జిబ్ చాలు. దాని బలమంతా పెద్ద మెయిన్‌లో, తేలికైన హల్‌లో ఉంది. మీ పడవ ఈ రెండింటిలో ఏ తరానికి చెందిందో చూడకుండా ముందు తెరచాప సైజు చెప్పడం కుదరదు.

సందులోంచి గాలి దూసుకెళ్తుందన్న మాట పాత పుస్తకాల్లోనూ ఉండేది. బోయింగ్‌లో పనిచేసిన ఏరోడైనమిక్స్ ఇంజనీర్ ఆర్వెల్ జెంట్రీ 1970ల తొలినాళ్లలోనే ఇది తప్పని చూపించాడు. రెండు తెరచాపలూ కలిసి పనిచేస్తున్నప్పుడు మధ్య సందులోకి వచ్చే గాలి నిజానికి నెమ్మదిస్తుంది. ఎక్కువ గాలి జిబ్ బయటివైపు నుంచి పోతుంది. మెయిన్ వల్ల జిబ్‌కు గాలి మంచి కోణంలో అందుతుంది, జిబ్ వల్ల మెయిన్ ముందు భాగంలో గాలి విడిపోకుండా ఉంటుంది. అంటే సందు బాగుండాలంటే జెనోవా పెద్దదిగా ఉండటం కంటే సరైన కోణంలో బిగించి ఉండటం ముఖ్యం. మాస్ట్‌ను బాగా దాటే జెనోవా షీట్ (తెరచాపను లాగే తాడు) ష్రౌడ్స్ (మాస్ట్‌ను పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు) బయటి నుంచి రావాలి, అందుకే దాన్ని లోపలికి లాగడానికి హద్దు ఉంటుంది. పొట్టి జిబ్‌ను ష్రౌడ్స్ లోపలే బిగించవచ్చు. ఎదురుగాలిలో ఎత్తు పట్టుకోవడానికి, అంటే గాలి వచ్చే దిక్కుకు దగ్గరగా సాగడానికి, అలా లోపలికి లాగితే దొరికే కొద్ది డిగ్రీలు చాలా విలువైనవి.

ఇప్పుడు మన గాలి గురించి. సందేశం రాసినవారు చెన్నై సముద్రాన్ని లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది. ఇక్కడ ఉదయం గాలి ఒకటి, మధ్యాహ్నం గాలి ఇంకొకటి. రోహిణి కార్తె ఎండల్లో పడమటి వేడిగాలి పొద్దున్నంతా నేల మీంచి సముద్రం వైపు తోస్తుంది, దాన్ని నెట్టుకుని సముద్రపు గాలి రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ రెండింటి మధ్య గాలి చచ్చిపోయే సమయం ఉంటుంది. అప్పుడు పెద్ద జెనోవా ఉన్న పడవ కదులుతుంది, లేనిది నిలిచిపోతుంది. కానీ సముద్రపు గాలి స్థిరపడ్డాక పరిస్థితి పూర్తిగా మారుతుంది. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు మొదలైతే గాలీ, అలలూ రెండూ ఒకే వైపు నుంచి వచ్చి పడతాయి.

గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. 8 నాట్స్ నుంచి 12కి పెరిగితే తెరచాప మీద బలం ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు అవుతుంది. పైగా 12 నాట్స్ గాలిలోకి 6 నాట్స్ వేగంతో ఎదురెక్కుతున్న పడవ డెక్ మీద దాదాపు 17 నాట్స్ తగులుతుంది. అక్కడ 150 జెనోవా చాలా పడవలకు భారమే. పడవ బాగా ఒరుగుతుంది, చుక్కాని బలంగా లాగుతుంది, ఆ లాగుడును ఆపడానికి తిప్పిన చుక్కాని బ్రేకులా పనిచేస్తుంది. అప్పుడు స్కిప్పర్ మెయిన్‌ను వదులు చేస్తాడు. జెనోవా కోసం మెయిన్‌ను రెపరెపలాడించడం రెండు వైపులా నష్టమే.

ఒక మాట సందేశానికి అనుకూలంగా కూడా చెప్పాలి. హార్బర్ రాతి గోడలకు తగిలి తిరిగొచ్చే అలలు ఆ చుట్టుపక్కల నీటిని గతుకులుగా చేస్తాయి. గతుకు నీటిలో పడవ ముక్కు అలకు తగిలి ఆగిన ప్రతిసారీ మళ్లీ వేగం అందుకోవడానికి బలం కావాలి. అందుకని ఇక్కడ మరీ చిన్న, మరీ చదునైన జిబ్ కూడా పనికిరాదు. కాస్త నిండైన, అంటే లోతైన వంపున్న, ఆకారం కావాలి. కానీ నిండుతనం వేరు, సైజు వేరు. తెరచాప కుట్టేవారితో మాట్లాడేటప్పుడు ఈ రెంటినీ విడిగా అడగండి.

ఫర్లర్ మీద చుట్టేయొచ్చన్న మాట అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. చుట్టిన జెనోవా చిన్న జిబ్ అయిపోదు. లఫ్ దగ్గర గుడ్డ బిగిసి, మధ్య భాగం సంచిలా ఉబ్బుతుంది. గాలి ఎక్కువైనప్పుడు కావలసింది చదునైన తెరచాప, వచ్చేది దానికి సరిగ్గా వ్యతిరేకం. లఫ్‌లో ఫోమ్ ప్యాడ్ ఉంటే కొంత నయం. చుట్టేకొద్దీ క్లూ ముందుకు, పైకి జరుగుతుంది కాబట్టి షీట్ కారును (షీట్‌ను నడిపించే, ట్రాక్ మీద జరిగే కప్పీని) కూడా ముందుకు జరపాలి. ఈ సంగతి సందేశంలో లేనే లేదు. పలుచని గాలికి కుట్టిన తేలిక గుడ్డను గట్టి గాలిలో వాడితే అది శాశ్వతంగా సాగిపోతుంది, తర్వాత పలుచని గాలికీ పనికిరాదు. క్రూయిజింగ్‌కి వెళ్లేవారికి ఫర్లర్ గొప్ప సౌకర్యం, దాన్ని కాదనను. రేసులో మాత్రం అది చిన్న తెరచాపకు బదులు కాదు.

హ్యాండిక్యాప్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐఆర్‌సీ అనే రేటింగ్ పద్ధతిలో మీ అతిపెద్ద హెడ్‌సెయిల్ (ముందు తెరచాప) విస్తీర్ణం రేటింగ్‌లోకి వెళ్తుంది. ఆ రోజు దాన్ని కట్టినా కట్టకపోయినా దాని భారం మీదే. పీహెచ్‌ఆర్‌ఎఫ్ అనే ఇంకో పద్ధతి పాటించే చాలా చోట్ల 150, 155లను ప్రమాణంగా తీసుకుని, చిన్నదానికి మైలుకు కొన్ని సెకన్లు రాయితీ ఇస్తారు. మైలుకు 3 సెకన్లనుకుంటే 6 మైళ్ల రేసులో 18 సెకన్లు. దీనికి ట్యాకింగ్ (ముక్కును గాలిలోంచి తిప్పి రెండో వైపుకు మళ్లడం) నష్టం కలపండి. జెనోవాను మాస్ట్ చుట్టూ, ష్రౌడ్స్ చుట్టూ లాగి వించ్ (తాడు బిగించే చక్రం) మీద బిగించేసరికి చిన్న జిబ్ పడవ అప్పటికే వేగం అందుకుని ఉంటుంది. చిన్న కోర్సుల్లో ప్రతి ట్యాక్‌లోనూ ఈ నష్టం పోగవుతుంది. ఆదివారం నలుగురు రావలసిన చోట ముగ్గురే వస్తే వించ్ తిప్పేవాళ్లూ తక్కువే, రెయిలింగ్ మీద కూర్చుని పడవను నిలబెట్టే బరువూ తక్కువే.

మరి ఏది కొనాలి? ముందు తెరచాప మాస్ట్ కొస దాకా వెళ్లే పాత మాస్ట్‌హెడ్ రిగ్ పడవైతే పలుచని గాలికి 150, సముద్రపు గాలికి 100 దగ్గర గట్టి గుడ్డతో ఒక జిబ్. మధ్యలో 130ది లేకపోయినా ఫర్వాలేదు. పెద్ద మెయిన్ ఉండి, ముందు తెరచాప మాస్ట్ కొస కంటే కిందే ఆగే ఫ్రాక్షనల్ రిగ్ అయితే 105, 110 మధ్య ఒకటి బాగా కుట్టించుకుని, మిగిలిన డబ్బు కొత్త మెయిన్ మీద పెట్టండి. ఒక్కటే కొనే స్తోమత ఉంటే, మీరు ఎక్కువగా రేసు చేసే గంటల్లో వీచే గాలికి కొనండి. ఉదయం స్టార్టులైతే పెద్దది, మధ్యాహ్నం స్టార్టులైతే చిన్నది. ఆర్డర్ ఇచ్చేముందు జే, ఫోర్‌స్టే పొడవు, షీట్ ట్రాక్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో మీ చేత్తో కొలుచుకోండి. ట్రాక్ చేరని చోట క్లూ పడితే ఎంత మంచి తెరచాపైనా సరిగ్గా బిగియదు.